చిత్రంగా ఉంది

ఇంకా వినిపిస్తోంది, చాలా పల్చగా, ఎక్కడో పైన ఎవరో దుప్పటి దులుపుతున్నట్టు, కాదు, అది ఆగిపోయింది, ఇప్పుడు వినిపిస్తున్నది కొండ మీద గాలిమరల చప్పుడు, విమానం చప్పుడు ఇక అందదు, కనపడటం మాత్రం కనపడుతోంది, చెయ్యి ఎండకు అడ్డం పెట్టుకుంటే, రెండు ఒళ్ళున్న తెల్లటి పెద్ద విమానం, దాని నడుమ వేలాడుతూ చిన్నది, ఆ చిన్నదాంట్లో మా గ్రాషి. నా కూతురు. కుడిచేతి కుర్చీలో తను, ఎడమచేతి కుర్చీలో వెండెల్. గంటసేపు ఇలాగే చుట్లు తిరుగుతూ ఎక్కి, ఇక ఎక్కలేనంత పైకి చేరాక పెద్దది చిన్నదాన్ని వదిలేస్తుంది. వదిలేయడమంటే వదిలేయడమే, చేతిలోంచి రాయి జారవిడిచినట్టు. అప్పుడు వీళ్ళు రాకెట్టు వెలిగించుకోవాలి. ఇంతకు ముందూ వెలిగించారు, కాసేపు కాల్చి ఆపేసి దిగారు. ఇవాళ అలా కాదు, ఉన్న రాకెట్టు మందంతా కాల్చి, గాలి అనేదే లేని చోటికి వెళ్ళి, అక్కడ కాసేపు ఉండి, ఏ ఇంజనూ లేకుండా జారుకుంటూ తిరిగి రావాలి. వస్తే టిక్కెట్టు కొనుక్కున్నవాళ్ళను ఎక్కించడం మొదలుపెడతారట. రాకపోతే అనే మాట మొహావీ అనే ఈ ఎడారి ఊళ్ళో ఎవరూ అనరు. నేనూ అనను. నేను మామూలుగానే ఏదీ అనను.

అనకపోయినా లోపల ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది, గొర్రెల వెనక అరవై ఏళ్ళు తిరిగినవాడికి మనుషులతో మాట్లాడే పని తక్కువ గాని తలలో సందడికేం తక్కువ లేదు. ఇప్పుడు తిరుగుతున్నది ఇది, అక్కడ ఏముంది? ఏదో ఉండబట్టే కదా ఇంతమంది ఇన్నేళ్ళుగా ఈ ఎడారిలో రెక్కలు అతికించి, విరగ్గొట్టి, మళ్ళీ అతికిస్తున్నారు. అవతలి వాయుసేన స్థావరంలో వీధులకు పెట్టిన పేర్లన్నీ కూలిపోయిన విమానాల్లో పోయినవాళ్ళవే. గ్రాషి అక్కడ పని నేర్చుకున్న రోజుల్లో ఒకసారి బండిలో తిప్పి చూపించింది, ఇది ఫలానా వీధి, ఇది ఫలానా వీధి అని. ఈయనేం చేశాడు అని అడిగితే, ఒక రెక్క ఎంత వంగుతుందో కనిపెట్టాడు నాన్నా అంది. ఎంత వంగుతుందట? అంతే వంగుతుంది అంది. అంతకు మించి వాళ్ళు మాట్లాడుకోరు.

"కాఫీ తాగు పెద్దాయనా, చల్లారితే దానికీ మా ఆయన సాక్సు ఉతికిన నీళ్ళకీ తేడా ఉండదు," అంది డార్లీన్. వెండెల్ భార్య. కంచె పక్కన మడత కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేతి రేడియో పెట్టుకుని కూర్చుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇలాంటి కంచెల పక్కనే కూర్చుంటోంది. మనిషి మాట్లాడుతూనే ఉంటుంది, నా వంతు కూడా తనే మాట్లాడుతుంది, నాకు అది హాయి. "నీ కూతురు పొద్దున ఏమైనా తిన్నదా?" అంది. తిన్నదన్నట్టు తలూపాను. "మా వాడు తినలేదు. తిననని చెప్పి నా పళ్ళెంలోది మొత్తం ఊడ్చేశాడు. అదీ వాడి తినకపోవడం."

రేడియోలో వెండెల్ గొంతు, ఏదో ఎత్తు చెప్పాడు, సంతలో ఉల్లిపాయల ధర చెప్పినట్టు. గ్రాషి గొంతు, సరే అన్నది, అదీ అలాగే. ఈ పని చేసేవాళ్ళందరికీ ఇదే గొంతు. నిద్రలేచి వచ్చినట్టు, ఏదీ పట్టనట్టు. గొంతు ఒకటే కాదు, వాళ్ళ మాటలు కూడా వేరు. ఇంజను అంటుకుంటే 'కాస్త వెచ్చగా ఉంది' అంటారు. విమానం చెప్పిన మాట వినకుండా గిరగిరా తిరుగుతుంటే 'పనిలో ఉన్నాం' అంటారు. వెండెల్ ఒకసారి చక్రం ఊడిపోయిన విమానాన్ని పొట్ట మీద దించి, బయటకొచ్చి, పోయినసారికంటే చప్పుడెక్కువ అన్నాడట. ఇవన్నీ డార్లీనే నాకు నేర్పింది, కొత్తగా వచ్చిన కోడలికి ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో చెప్పినట్టు. చివరి డబ్బా మాత్రం మూత పెట్టే చూపించింది. "అన్నిటికంటే చెడ్డది ఒకటుంది పెద్దాయనా. 'చిత్రంగా ఉంది' అంటారు. అది విన్నావా, ఇక ఏమీ వినక్కర్లేదు. ఆ మాట అన్నాక ఇంటికొచ్చి భోంచేసింది, నాకు తెలిసి, మా ఆయన ఒక్కడే." ఆ మాట వాళ్ళింట్లో ఎవరూ అనకూడదు. మనవరాలు బడిలో నేర్చుకొచ్చి గాలిపటం చూసి అందట, ఈమె ఆ పిల్లను సింకు దగ్గరికి లాక్కెళ్ళి నోరు పుక్కిలించమందట. గ్రాషీ అనదు. మా ఇంట్లో ఏ కూర చెడిపోయినా, ఏ కుక్క రెండు కాళ్ళ మీద నడిచినా, బాగుంది అనో బాలేదు అనో తప్ప ఆ మాట రాదు. నేనూ మానేశాను. నాకున్న మాటలే తక్కువ, అందులోంచి ఒకటి పోయింది.

అయినా మా గ్రాషికి ఆ గొంతు ఎవరూ నేర్పక్కర్లేదు. నా గొంతే అది. బేకర్స్‌ఫీల్డ్‌లో గొర్రెలు కాయడానికి స్పెయిన్ కొండల నుంచి వచ్చిన మా బాస్కువాళ్ళ పూటకూళ్ళ ఇంట్లో పొడవాటి బల్ల ముందు కూర్చుని పేకాడేవాళ్ళం, జతలుగా ఆడే ఆట, ఎదురుగా ఉన్న జతగాడికి ముక్కలేమొచ్చాయో కనుబొమ్మతోనో పెదవితోనో చెప్పుకోవచ్చు, అది దొంగాట కాదు, ఆటలో ఉన్నదే, అవతలివాళ్ళు పట్టేసే లోపల చెప్పేయాలి, అంతే. పదేళ్ళ పిల్ల నాకు జత. ముసలివాళ్ళంతా దాని మొహం వైపే చూస్తూ ఉండేవాళ్ళు, సూపు చల్లారిపోయేది, ఏమీ దొరికేది కాదు. దీనికి మొహం బదులు గోడ పెట్టి కన్నావేంట్రా బెట్టిరీ అనేవాళ్ళు నన్ను. గోడే. కాని ఆ గోడ వెనక ఏదో తిరుగుతోందని నాకు తెలుసు, ఎందుకంటే నా గోడ వెనకా తిరుగుతుంది.

"ఇక్కడ కూర్చోవచ్చా అండీ? అటువైపు ఎండ కళ్ళలో పడుతోంది," అంటూ ఒకాయన వచ్చాడు, తెల్లటి టోపీ, మెడలో పెద్ద దుర్భిణి, చంకలో కుర్చీ. లయిల్ క్రాబ్‌ట్రీ అట. ఒహాయోలో పళ్ళ డాక్టరు, పని మానేశాడట. టిక్కెట్టు కొన్నవాళ్ళలో ఆయన ఒకడు. చేపలు పట్టుకునే పడవ అమ్మేసి మరీ కొన్నానన్నాడు. "మా ఆవిడ అంది, ఇన్నాళ్ళూ జనం నోళ్ళలోకి చూశావు, ఇక ఆకాశం నోట్లోకి చూస్తావా అని." తనే నవ్వాడు. డార్లీన్ నవ్వలేదు. టిక్కెట్టువాళ్ళంటే ఆమెకు గిట్టదు. "వీళ్ళు కిటికీలోంచి ఫొటోలు తీసుకోడానికి మా వాళ్ళు ముందెళ్ళి కిటికీ ఊడుతుందో లేదో చూసి రావాలి," అంది నాతో, ఆయనకు వినపడేలా. ఆయన వినపడనట్టు కుర్చీ విప్పుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీరూ కంపెనీ మనిషేనా?" అన్నాడు.

"గొర్రెలు," అన్నాను.

"గొర్రెలా! ఇక్కడా?"

"వానలు పడ్డ ఏడు, గడ్డి మొలిస్తే."

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. నేను కంపెనీ మనిషినంటే కూడా అంత సంతోషించేవాడు కాదేమో. "ఒకటి అడుగుతాను ఏమీ అనుకోకండి. గొర్రెలు ఆకాశం వైపు చూస్తాయా?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. డార్లీన్ ఫక్కున నవ్వింది. నేను ఆలోచిస్తూ ఉండిపోయాను, ఆయన జవాబు రాదనుకుని దుర్భిణి ఎత్తుకున్నాడు. చూస్తాయా? చూడవు. తల నేలకే. వాటి కళ్ళు పక్కలకు ఉంటాయి, వెనక నుంచి వచ్చే నక్కను కూడా తల తిప్పకుండా పసిగడతాయి, కాని పైన ఏముందో వాటికి అక్కర్లేదు. ఆ స్థావరం విమానాలు చప్పుడుకంటే వేగంగా పోయిన రోజుల్లో మాత్రం, ఆకాశం పగిలినట్టు ఢామ్మని మోగేది, మంద మొత్తం నమలడం ఆపేసేది. పారిపోయేవి కావు. ఆపేసేవి, అంతే, నోట్లో గడ్డి అలాగే ఉండేది. వాళ్ళమ్మ పోయాక సెలవులన్నీ గ్రాషి నా దగ్గరే గుడారంలో ఉండేది, మొదటిసారి ఆ మోత విని బయటికొచ్చి, "తలుపు ఎవరేశారు?" అంది. తలుపెక్కడుంది ఇక్కడ, నాలుగు వైపులా ఇసుక. పైకి చూపించాను, తెల్లటి గీత ఒకటి, సూదితో గీసినట్టు. అది ఆ గీతను చూస్తూ ఉండిపోయింది, గీత చెదిరి మబ్బయ్యేదాకా, మబ్బు పోయేదాకా. ఆ రోజు సూపు మాడిపోయింది.

అప్పటినుంచా? ఏమో. అంతకు ముందునుంచీ అంతే అది. ఎండిన వాగు కనపడితే అది ఎక్కడ ఆగుతుందో చూడాలి దానికి. కుక్కను తీసుకుని పోయేది, సాయంత్రానికి కాళ్ళు బొబ్బలెక్కి వచ్చేది. ఎందుకెళ్ళావ్ అంటే, ఎక్కడ ఆగుతుందో చూద్దామని. ఎక్కడాగింది? ఆగలేదు, ఇసుకలో కలిసిపోయింది. తర్వాత పత్తిచేలకు మందు కొట్టే విమానం నడిపింది, నౌకాదళంలో ఓడల మీద దిగే విమానం నడిపింది, ప్రతిదీ ఎక్కడ ఆగుతుందో చూసింది. ఇప్పుడు గాలి ఎక్కడ ఆగుతుందో చూడటానికి వెళ్ళింది. అదీ ఇసుకలో కలిసిపోయినట్టే కలిసిపోతుందా, లేక గట్టు ఉంటుందా? నాకు తెలుసుకోవాలని ఉంది. భయం ఉంది, లేదని ఎందుకనాలి, కాని ఆ భయం పక్కనే ఇదీ ఉంది, గట్టు ఉంటుందా అని. రెండూ ఒకే చోట పడుకున్నాయి, కుక్కా పిల్లీ చలికి ఒకే గోనె మీద పడుకున్నట్టు.

"వదలబోతున్నారు," అంది డార్లీన్. రేడియో చెవి దగ్గరికి ఎత్తింది, మళ్ళీ మా మధ్యకు దించింది, నేనూ వినాలని. లయిల్ లేచి నిలబడ్డాడు. కంచె పొడవునా జనం తలలు ఎత్తారు.

"వదిలారు," వెండెల్.

ఏమీ కనపడలేదు. రాయి జారితే కనపడేంత దగ్గరలో లేదు.

"వెలిగింది," మా గ్రాషి.

అప్పుడు కనపడింది. తెల్లటి చుక్క, చుక్క గీతయింది, గీత నిలువుగా లేచింది, ఏ పక్షీ ఏ విమానమూ అలా లేవదు, గోడ ఎక్కుతున్న తొండలా తిన్నగా, ఇంకా, ఇంకా, అప్పుడొచ్చింది చప్పుడు, నేలలోంచి అరికాళ్ళకు, కంచె తీగెలు సన్నగా మోగాయి, లయిల్ చిన్నపిల్లాడిలా అరుస్తున్నాడు, పో, పో, పో అని, డార్లీన్ పెదాలు కదుపుతోంది, లెక్కపెడుతోందేమో, ప్రార్థనేమో, గీత ఆగిపోయింది. చివర మొద్దుగా, తెగినట్టు. అక్కడి నుంచి ఏమీ లేదు, నీలం తప్ప.

"ఇంజను ఆపాం," వెండెల్.

తర్వాత మా గ్రాషి గొంతు. అదే గొంతు, ఏదీ పట్టనిది.

"చిత్రంగా ఉంది."

డార్లీన్ చేతిలో కాఫీ సీసా ఉంది. దాని మూత తిప్పింది. మూత పెట్టే ఉంది, అయినా తిప్పింది, బిగించింది, ఇంకా బిగించింది. కింద కంట్రోలు గదిలోంచి రేడియోలో ఎవరో అడిగారు, మెల్లగా, ఏం కంగారూ లేనట్టు, "ఏది చిత్రంగా ఉంది?" మళ్ళీ అడిగారు. రేడియోలో బియ్యం చెరిగినట్టు చప్పుడు తప్ప ఏమీ లేదు. రన్‌వే పక్కన మంటలార్పే బండి ఇంజను వేసుకుంది. దాని వెనక రెండోది. ఎవరూ పరుగెత్తడం లేదు, ఈ ఊళ్ళో ఎవరూ పరుగెత్తరు, మనుషులు ఒక్కొక్కరే షెడ్లలోంచి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, హెల్మెట్లు పెట్టుకుంటూ, బండ్లెక్కుతున్నారు. అంబులెన్సు తలుపు తెరిచి పెట్టారు. ఒక్క మాటకు ఊరంతా కదిలింది, ఢామ్మన్నప్పుడు నా మంద ఆగినట్టే, ఇది ఆగడం బదులు కదలడం, అంతే తేడా. నేను కంచె తీగె పట్టుకున్నాను.

"విన్నారా!" అన్నాడు లయిల్. మొహం వెలిగిపోతోంది. "చిత్రంగా ఉందట! విన్నారా ఆ అమ్మాయి ఏమందో?"

డార్లీన్ ఆయన వైపు చూసింది. ఆ చూపుకు ఇంకొకరైతే కుర్చీ మడుచుకుని పోయేవాళ్ళు. "నోర్ముయ్ నాయనా," అంది, చాలా నెమ్మదిగా. "దణ్ణం పెడతాను, నోర్ముయ్."

"ఏమైంది? ఆ బండ్లెందుకు వెళ్తున్నాయి?" ఆయన నన్నడిగాడు. నేను ఆకాశం వైపే చూస్తున్నాను. ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఆ అమ్మాయి సంతోషంగా ఉంది కదండీ," అన్నాడు. "గొంతులో తెలియడం లేదూ?"

గొంతులో. ఆ గొంతులో ఏదైనా తెలుస్తుందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. పేకాటలో ముసలివాళ్ళు అనలేదు, బడిలో పంతులమ్మ అనలేదు, దాన్ని పెళ్ళి చేసుకుంటానని వచ్చి విసిగిపోయి వెళ్ళినవాళ్ళూ అనలేదు. నాకే తెలుసు, నాకు ఒక్కడికే, అనుకున్నాను. మరి ఇప్పుడేం విన్నాను? డార్లీన్ డబ్బాలో మూత కింద ఉన్నదాన్ని విన్నాను. గ్రాషిని వినలేదు. మళ్ళీ విందామంటే మాట అయిపోయింది, గాలిలో లేదు, నా చెవిలో మాత్రం ఉంది, దాన్నే తిప్పి తిప్పి చూశాను. చిత్రంగా ఉంది. చివర్న ఏదో సాగింది, ఉంది అన్న చోట, కొద్దిగా, ఎప్పుడూ అది కోసేసే చోట. మంద కనపడని చోట మేస్తుంటే దాన్ని నడిపించే మేకపోతు మెడలో గంట ఆగిపోతుంది ఒక్కోసారి. పెద్ద నక్క వచ్చినా ఆగుతుంది. మంచి గడ్డి దొరికి తల ఎత్తకుండా నిలబడి మేసినా ఆగుతుంది. కొండ ఇవతలి నుంచి రెండూ ఒక్కటే. ఎక్కి చూడాల్సిందే. ఇక్కడ ఎక్కడానికి కొండ లేదు. ఈ పళ్ళ డాక్టరు కొండ అవతల నుంచి వచ్చాడా ఏం? ఈయనకు మా డబ్బాలు తెలియవు. తెలియదు గనక మాటను మాటలాగా విన్నాడు. ఒక మనిషి చిత్రంగా ఉందంటే చిత్రంగా ఉందని. అదే నిజం కావాలి, దేవుడా, ఈ తెలియని మనిషిదే నిజం కావాలి.

రేడియో గరగరలాడింది.

"ఏంటి? ఏమడిగారు?" వెండెల్. నిద్రలోంచి లేపినట్టు. "ఓ. అది కాదు. అది కాదబ్బా. ఇక్కడ అంతా బాగుంది, అన్నీ పనిచేస్తున్నాయి. గ్రాషి కిటికీలోంచి చూస్తోంది." మళ్ళీ గరగర. "నేనూ చూస్తున్నా."

డార్లీన్ కాఫీ సీసాను ఇసుకలోకి విసిరికొట్టింది. "దిగనీ," అంది, "దిగనీ వాణ్ణి, కూలి చావడం కాదు, నేనే చంపుతా." తర్వాత లయిల్ భుజం మీద తల పెట్టి ఏడ్చింది, టిక్కెట్టువాడి భుజం మీద, ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

ఇంకా దిగాలి. అది మరచిపోలేదు నేను. రెక్కలు మడుచుకుని పడాలి, బాడ్మింటన్ ఆటలో ఈకల బంతి పడినట్టు, గాలి మళ్ళీ దొరికాక రెక్కలు విప్పుకోవాలి. విప్పుకున్నామని రేడియోలో అన్నారు. ఢామ్మని రెండుసార్లు మోగింది, ఎడారి మొత్తం. తర్వాత ఒక మెరుపు, చాలా పైన, తర్వాత అది తెల్లటి వస్తువయింది, తర్వాత చప్పుడే లేకుండా మా తలల మీదుగా వాలి, రన్‌వే మీద దుమ్ము లేపి, ఆగింది. మంటల బండ్లు దాని చుట్టూ చేరి ఏమీ చెయ్యకుండా నిలబడ్డాయి, పెళ్ళికి తొందరగా వచ్చేసిన చుట్టాల్లా.

చాలాసేపటికి వాళ్ళను కంచె దాకా రానిచ్చారు. వెండెల్‌ను డార్లీన్ కొట్టింది, నిజంగానే, చేత్తో, రెండు దెబ్బలు, తర్వాత పట్టుకుంది. గ్రాషి వైపు వేలు చూపించి, "ఏమ్మా, నీకు భాషలో ఇంకో మాటే దొరకలేదా? మీ నాన్న ఇక్కడ తీగె పట్టుకుని తీగెలా అయిపోయాడు!" అంది.

"ఏ మాట?" అంది గ్రాషి.

"చూడండమ్మా! ఏ మాటట!"

గ్రాషి వెండెల్ వైపు చూసింది. ఆయన తలూపాడు. "నేనా?" అంది. "పైకే అన్నానా?" చెవులు ఎర్రబడ్డాయి దానికి, మొహం అలాగే ఉంది, చెవులు మాత్రం. నా వైపు తిరిగింది. జుట్టు చెమటకు తలకు అంటుకుపోయి, చెంపల మీద గాలి ముసుగు పట్టీల గుర్తులు, దగ్గర్నుంచి చూస్తే దాని కళ్ళ చుట్టూ ముడతలు, నలభై దాటింది కదా నా కూతురికి, ఎప్పుడు దాటింది. నేను ఏమీ అనకుండా ఉంటాననే అనుకున్నాను.

"ఏముంది అక్కడ?" అన్నాను.

డార్లీన్ మాట్లాడటం ఆపేసింది.

"నలుపు నాన్నా," అంది గ్రాషి. "పట్టపగలు, ఎండ మొహం మీద పడుతూనే ఉంటుంది, పక్కనే నలుపు."

"ఎలాంటి నలుపు? రాత్రిలాగా?"

"రాత్రి ఇంత ఉండదు."

"నల్ల గొర్రె?"

"నల్ల గొర్రెను ఎండలో పెడితే లోపల గోధుమరంగు కనిపిస్తుందిగా. అది కాదు."

"బొగ్గు?"

"బొగ్గు మెరుస్తుంది." ఆలోచించింది. తల కొంచెం పక్కకు వంచి, పేక ముక్కలు చూసుకుంటున్నట్టు. "మెరవదు. అడుగు లేదు, గట్టు లేదు, దూరమో దగ్గరో తెలియదు. చెయ్యి పెట్టాలనిపిస్తుంది. ఎలా చెప్పను, చూస్తూ ఉండగానే అయిపోయింది. నాకే సరిగా తెలియలేదు." ఆ కిటికీలోంచి ఇంకా చూస్తున్నట్టే ఉన్నాయి కళ్ళు. "మళ్ళీ వెళ్ళినప్పుడు ఇంకాస్త బాగా చూడాలి."

'మళ్ళీ' అంది. తాపీగా, ఏదీ పట్టనట్టు, 'మళ్ళీ' అని. లయిల్ మా వెనక నిలబడి వింటున్నాడు. ఎండ పెరిగింది, గాలి లేచింది, ఈ ఊళ్ళో ఈ వేళకు లేచే గాలి. వద్దనగలను, తండ్రిని, ఒక్క మాటే కదా. ఆ మాట కోసం లోపల వెతికాను, దొరకలేదు, దాని చోట ఆ నలుపు ఉంది, మెరవనిది, అడుగు లేనిది, ఎలా ఉంటుందో నాకూ తెలియాలి.

"సరే," అన్నాను. "చూసి రా."

'రా' అన్నది కొంచెం గట్టిగా వచ్చినట్టుంది. వెండెల్ కూడా తిరిగి చూశాడు.